లేని యుద్ధానికి టీకాలు

నన్ను యుద్ధానికి పంపిన కాగితంలో మొదటి వాక్యం, అక్కడ యుద్ధమేమీ లేదని. రెండో వాక్యం, నేను చస్తే సర్కారుకు సంబంధం లేదని. రెండింటికీ కలిపి కింద ఒకే సంతకం పెట్టమన్నారు.

అది పందొమ్మిది వందల యాభై, ఫాల్గుణ మాసం. నా పేరు యాకయ్య. జనగామ తాలూకాలో సర్కారు వారి టీకాల నౌకరి నాది. సంచిలో సూది, మందు గొట్టాలు వేసుకుని ఊరూరూ తిరిగి మశూచికి టీకాలు వేసేవాణ్ని. మా వైపు మశూచి అనరు, అమ్మవారు పోసింది అంటారు. పదకొండేళ్లుగా అదే పని. పదకొండేళ్లలో రిజిస్టరులో ఒక్క తప్పుడు అక్షరం రాయలేదు. ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయే రకం నేను.

ఆ కాగితం నా ముందు పెట్టినవాడు మా ఆఫీసు పెద్ద గుమాస్తా వెంకట్రాం. మంచివాడే. కాగితం మీద రాసిందే లోకంలో జరుగుతుందని నమ్మే మంచివాడు.

“యుద్ధం లేదన్నంక నా చావు ముచ్చట ఎందుకు సాబ్?” అని అడిగాను.

“యుద్ధం ఉన్నదనుకో యాకయ్యా, నిన్ను పంపనీకి మాకు అధికారం లేదు. నువ్వు సిపాయివి కాదు, ఉత్త నౌకరువి. యుద్ధం నడిచే జాగకు ఉత్త నౌకర్లను జబర్దస్తీ పంపొద్దని రూలున్నది. గందుకే అక్కడ యుద్ధం లేదు.”

“మరి తుపాకులు?”

“తుపాకులున్నయి. యుద్ధం లేదు.”

“నేను పోనంటే?”

“యుద్ధం లేని జాగకు పోను అంటున్నవని రాస్త. గది నౌకరి ఎగ్గొట్టుడు కిందికి వస్తది. పొద్దుమూకే వరకు నౌకరి పోతది.”

కాగితం చివర ఒక గడి ఉంది. ఒకవేళ చస్తే దేనివల్ల చస్తానో ముందే గుర్తు పెట్టాలి. పాము, జ్వరం, ముసలితనం అని మూడు రాసి ఉన్నాయి. తూటా లేదేమిటని అడిగితే, యుద్ధం లేదని ఇప్పుడే కదా చెప్పిన అని వెంకట్రాం విసుక్కున్నాడు. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు, ముసలితనం కుదరదు. ఉన్న మూడింటిలో మర్యాదగా కనబడిందని పాము మీద గీత పెట్టాను.

అక్కడ అంటే కొత్తగూడ అడవి. సర్కారు మీద తుపాకీ పట్టిన కమ్యూనిస్టుల సంఘం దళాలు ఆ అడవిలో ఉన్నాయి. వాళ్లకు అన్నం పెడుతున్నారని చుట్టుపక్కల గూడేలూ తండాలూ ఖాళీ చేయించి, జనాన్నంతా ఒక మైదానంలోకి తోలి చుట్టూ ముళ్లకంచె వేశారు. దానికి క్యాంపు అని పేరు. అంతమందిని ఒకచోట కుక్కితే అమ్మవారు పిలవకుండానే వస్తుంది. వస్తే కంచె లోపలివాళ్లతో ఆగదు, కాపలా సిపాయిలకూ పోస్తుంది. అందుకని టీకాలవాడు కావలసి వచ్చాడు. మా ఆఫీసులో టీకాలవాళ్లం ముగ్గురం. నాకు ఏడో ఏట అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదు. కాబట్టి నన్ను మించిన మొనగాడు లేడని ముగ్గురిలోంచి నన్ను తీశారు.

నాకు అడవి భయం లేకపోలేదు. కానీ నా ప్రాణమంతా ఇంటి దగ్గర ఉంది. లింగాల ఘనపూర్ పక్కన మా పల్లె. మా ఊళ్లో అప్పటికే రెండిళ్ల గుమ్మాలకు వేపమండలు కట్టారు. అంటే ఆ ఇళ్లలో అమ్మవారు ఉందని గుర్తు. నా కూతురు నీలికి ఐదో నెల. దానికింకా టీకా పడలేదు. టీకాలవాడి కూతురికే టీకా పడకపోవడమేమిటని మీరు అడగొచ్చు. ఆ ఏడు మా తాలూకాకు ఒక్క గొట్టం మందు రాలేదు. మా వాటా కూడా క్యాంపుకే పోయింది.

“ఒక్క గొట్టం నా బిడ్డకిప్పియ్యి సాబ్, నడుసుకుంట పోత అడివికి,” అన్నాను.

“మందు అక్కడున్నది, బిడ్డ ఇక్కడున్నది. నేనేం జెయ్యాలె?” అన్నాడు వెంకట్రాం. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే కాగితం మీద ముద్ర కొట్టాడు.

ఇంటికి పోయి నా భార్య భూదేవికి చెప్పాను. ఆమె ఏడవలేదు. “మందు ఉన్న కాడికే పోతున్నవ్ కద. పట్టుకొని రా,” అంది. ఎంత తేలికగా అందో! నేనూ అదే అనుకున్నాను. పదిహేను రోజుల్లో పని ముగించి, ఒక గొట్టం అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది.

రైలులో మానుకోట, అక్కణ్నుంచి మిలటరీ లారీలో క్యాంపు. గేటు దగ్గర మొగిలి అనే కానిస్టేబులు కనిపించాడు. భూపాలపల్లి దిక్కు మనిషి. నా సంచి తడిమి చూసి సూది బయటికి తీసి, అది తుపాకీ భాగం కాదని ఖాయం చేసుకుని నవ్వాడు.

“నేను పోలీసోన్ని, నాకు తప్పది. నువ్వెందుకొచ్చినవ్ యాకన్నా?”

“నాకు గూడ తప్పలె.”

లోపల మొదటిగా చెయ్యి చాచింది మోతీబాయి అనే లంబాడీ ముసలవ్వ. ముఖమంతా నాలాగే గుంటలు. నేను సూది తిప్పుతుంటే కన్నార్పకుండా చూసింది.

“నిన్ను గూడ లారీల ఎక్కించి తెచ్చిన్రా బేటా?”

“తెచ్చిన్రు అవ్వా.”

“మమ్ముల గూడ. నీకు జీతమిస్తున్నరా?”

“ఇస్తున్నరు.”

“మరి మాకెందుకిస్తలేరు? మేం గూడ దినమంత ఈడనే ఉంటున్నం కద.”

వెంకట్రాంను అడగాల్సిన మాట అది.

మా పద్ధతి చెబుతాను. ఎడమ భుజం మీద నాలుగు చోట్ల సూది తిప్పి మందు అద్దుతాం. ఎనిమిదో రోజుకు పొక్కులు లేస్తే టీకా ఎక్కినట్టు. తరువాత అవి ఎండి నాలుగు గుండ్రటి మచ్చలు పడతాయి. ఆరు వందల మందికి వేశాను. ఎనిమిదో రోజు వరసన నిలబెట్టి భుజాలు చూసుకుంటూ పోతుంటే క్యాంపు కమాండరు కూడా నా వెనకాలే వచ్చాడు. ఉత్తరాది మనిషి. నాకు ఉర్దూ వచ్చు కాబట్టి మా ఇద్దరికీ మాట కలిసేది. బుద్ధి కలవలేదు.

ఆయనకు అప్పుడొక ఇబ్బంది ఉంది. అడవిలో ఇప్పపువ్వు రాలే కాలం అది. జనం ఏరుకోవడానికి పొద్దున పోయి సాయంత్రం రావాలి. పోయేవాళ్లకు కాగితం చిట్టీలు ఇచ్చాడు. కొన్ని చెమటకు తడిసి చిరిగిపోయాయి, కొన్ని చేతులు మారాయి, పదకొండు చిట్టీలు మేక తినేసింది. సాయంత్రం వచ్చినవాడు పొద్దున పోయినవాడేనో, దళం వాడో తేలడం లేదు. వరసగా దాదాపు ఆరు వందల భుజాల మీద ఒకేలాంటి పొక్కులు చూసేసరికి కమాండరు ముఖం వెలిగిపోయింది. మేక తినలేని చిట్టీ దొరికింది ఆయనకు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరువు పడింది. టీకా గుర్తు ఉన్నవాడు మనవాడు, లేనివాడు వాళ్లవాడు.

మరునాడు గేటు దగ్గర భుజాలు చూడడం మొదలైంది. మొదటి గంటలోనే చిక్కొచ్చింది. చూసే సిపాయిల్లో సగం మంది భుజాలకు గుర్తు లేదు. ఉత్తరువు ప్రకారం వాళ్లు ఒకరినొకరు పట్టుకోవాలి. రెండు రోజులు కూర్చుని వాళ్లందరికీ టీకాలు వేశాను. సెలవు మీద ఊరికిపోయి తిరిగొచ్చిన ఒక సిపాయిని, నిన్నటిదాకా ఒకే పళ్లెంలో తిన్నవాళ్లే గుంజకు కట్టేసి పూట గడిచాక వదిలారు. మొగిలి మాత్రం పొక్కులు లేచిన భుజాన్ని పొద్దున్నా సాయంత్రమూ చూసుకుని, “హమ్మయ్య, నేను మనోన్నే,” అనుకునేవాడు.

ఇదంతా చూసి నేను బాగా నవ్వుకున్నాను. నా దాకా రాలేదు కదా!

టీకా ఎక్కనివాళ్లు ఏడుగురు తేలారు. మోతీబాయి, ఇంకా ఆరుగురు. అందరి ముఖాల మీదా గుంటలే. అమ్మవారు ఒకసారి పోసిన ఒంటికి టీకా ఎక్కదు. నా వృత్తిలో ఓనమాలు అవి. కమాండరుకు అవి రావు.

“సర్కారు మందు వీళ్ల ఒంటికే ఎందుకు పట్టడం లేదు? అంటే ఒళ్లు కూడా సర్కారుకు ఎదురు తిరుగుతోందన్నమాట,” అన్నాడు. ఏడుగురి పేర్లూ విచారణ లారీకి రాయించాడు. ఆ లారీ ఎక్కినవాళ్లు తిరిగి రావడం క్యాంపులో ఎవరూ చూడలేదు.

నాకు ఒళ్లు మండింది. మోతీబాయి కమ్యూనిస్టు అయితే నేను నవాబును. పరుగెత్తుకుంటూ పోయి కమాండరు ముందు చొక్కా విప్పాను. “అమ్మవారు పోసినవాళ్లకు టీకా ఎక్కదు సాబ్! నా ముఖం చూడండి, నా భుజం చూడండి. నాకూ మచ్చ లేదు!” అని అరిచాను. అంతకన్నా గొప్ప రుజువు లోకంలో ఉండదనుకున్నాను.

కమాండరు నా భుజం చూశాడు. దగ్గరికి వచ్చి మళ్లీ చూశాడు.

“నీకూ లేదా?” అన్నాడు మెల్లగా. కలం తీసి ఏడును కొట్టేసి ఎనిమిది చేశాడు.

నేను సర్కారు మనిషినని మొత్తుకున్నాను. సరే, న్యాయంగానే ఉందాం, మీ ఆఫీసును అడుగుదాం అని లారీ ఆపించి, జనగామకు మనిషిని పంపించాడు. ఐదో రోజు జవాబు వచ్చింది. వెంకట్రాం చేతిరాత నేను గుర్తుపట్టాను. “టీకాల యాకయ్య జనగామలోనే ఉన్నాడు. నిన్నటి వరకు హాజరు పట్టీలో హాజరు పడింది. యుద్ధం నడిచే చోటికి మేము నౌకర్లను పంపము. మీ దగ్గరున్న మనిషి ఎవరో మాకు తెలియదు. టీకాలు బాగా వేస్తున్నట్లయితే వాడుకోగలరు.”

రూలు తప్పినట్టు తేలకూడదని వెంకట్రాం రోజూ నాకు జనగామలో హాజరు వేస్తున్నాడు. నా జీతం పోకూడదని కూడా అనుకున్నాడేమో. మంచివాడని చెప్పాను కదా!

అదే మనిషి భూదేవి పంపిన కార్డు కూడా తెచ్చాడు. ఆమెకు చదువు రాదు, ఎవరితోనో రాయించింది. “మూడో ఇంటికి గూడ వేపాకు కట్టిన్రు. నీలి బాగనే ఉన్నది. మందు తొందరగ పట్టుకొని రా.”

ఆ కార్డు కమాండరుకు చదివి వినిపించాను. ఆయన కళ్లు చెమర్చాయి. ఆయనకూ చిన్న పిల్లలున్నారట. “మచ్చ ఉంటే ఈ క్షణంలో పంపేవాణ్ని,” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు. ఆ రోజు నుంచి నేను నాకే టీకా వేసుకోవడం మొదలుపెట్టాను. క్యాంపు మందు అయిపోయింది, విరిచిన గొట్టాల్లో మిగిలిన అడుగుబొట్లే రుద్దుకున్నాను. ఆరుసార్లు వేసుకున్నాను. ఎక్కదని తెలుసు. పదకొండేళ్లు ఊరూరా అదే మాట చెప్పి తిరిగినవాణ్ని, అయినా పొద్దున లేవగానే భుజం తడుముకునేవాణ్ని. సిగ్గేసేది.

కమాండరు మాత్రం ఊరుకోలేదు. మా ఎనిమిది మంది కోసం ప్రత్యేకంగా మందు తెప్పించాడు. ఐసు పెట్టెలో, పొట్టులో పొదిగి, సిపాయిల కాపలాతో ఎనిమిది గాజు గొట్టాలు దిగాయి. కొత్త మందు, గట్టి మందు. మనిషికొకటి, ఎనిమిదోది నా పేరు మీద. ఈసారి కూడా ఎక్కకపోతే తొమ్మిదో రోజు లారీ.

ఆ పెట్టె ముందు కూర్చుని నేను ఏడ్చాను. జనగామ తాలూకా మొత్తానికి ఒక్క గొట్టం లేదు. ఇక్కడ, అమ్మవారు ఇక జన్మలో ముట్టని ఎనిమిది మందికి ఎనిమిది గొట్టాలు.

మోతీబాయి వచ్చి పక్కన కూర్చుంది. “మచ్చ గావాల్నా, మందు గావాల్నా సర్కారుకు?” అని అడిగింది.

“మచ్చనే అవ్వా.”

“గంతే కదా. దానికి ఏడుస్తరా?”

కొంగు ముడి విప్పి నల్లజీడి గింజలు తీసింది. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది ఆ జీడి రసంతోనే. ఒంటికి తగిలితే పొక్కుతుంది, పొక్కి మచ్చ పడుతుంది. తుమ్మముల్లుతో రసం తీసి, నా ఎడమ భుజం మీద నాలుగు చుక్కలు పెట్టింది. నేను వేసే దూరంలోనే, నేను వేసే వరసలోనే. మొదటి రోజు ఆవిడ కన్నార్పకుండా చూసింది ఎందుకో అప్పుడు తెలిసింది. తరువాత మిగతా ఆరుగురికీ పెట్టి, చివరికి తనకూ పెట్టుకుంది. మంట భగ్గుమంది. ఎనిమిదో రోజుకు ఎనిమిది భుజాల మీదా పొక్కులు పండి నిగనిగలాడాయి. పదకొండేళ్లలో నేను వేసిన ఏ టీకా అంత అందంగా ఎక్కలేదు.

ఎక్కిందని రిజిస్టరులో రాయాల్సింది నేను. నా భుజాన్ని నేనే పరీక్ష చేసి, ఎక్కినది అని రాసి సంతకం పెట్టాను.

ఇక గొట్టాలు. మా శాఖలో రివాజు ఒకటి ఉంది. మందు వాడాక ఖాళీ గొట్టాలు కడిగి, ఆరబెట్టి, లెక్కకు అప్పజెప్పాలి. ఒకటి పగిలిందంటే ఒప్పుకుంటారు. రెండు పగిలితే సంజాయిషీ. నేను మందు ఉన్న గొట్టం ఒకటి తీసి తడి ఇసుక నింపిన చిన్న కుండలో దాచాను. అది వాడాక కడుగుతుంటే పగిలిందని రాశాను. మిగతా ఏడు గొట్టాలూ కొస విరిచి, మందు నేల మీద ఇసుకలో పోసి, కడిగి, వరసగా ఎండబెట్టాను. చేతికి అలవాటైన పని. చేస్తున్నంతసేపూ ఒక గొట్టం నాకు దక్కిందనే సంతోషమే తప్ప ఇంకో ఆలోచన రాలేదు. మొగిలి వచ్చి ఏడూ లెక్కపెట్టుకుని పోయాడు.

కమాండరు నా చొక్కా చెయ్యి తనే పైకెత్తి చూసి, ముబారక్ అన్నాడు. ముప్పై ఆరో రోజున నేను క్యాంపు దాటాను. మోతీబాయి మిగతావాళ్లతో కలిసి ఇప్పపువ్వు ఏరడానికి అడవిలోకి పోతోంది. “బిడ్డ పైలం బేటా!” అని కేకేసింది.

జనగామలో రైలు దిగి, ఆఫీసు మెట్లు కూడా తొక్కకుండా, కుండ చంకన పెట్టుకుని ఊరికి నడిచాను. వేడికి మందు చావకుండా దారి పొడుగునా ఇసుక మీద నీళ్లు చల్లుకుంటూ పోయాను. ఊళ్లోకి వచ్చేసరికి ఐదు గుమ్మాలకు వేపమండలున్నాయి. మా గుమ్మానికి లేదు. భూదేవి నీలిని ఎత్తుకుని నిలబడింది. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ ఎన్నడూ పడలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా పిల్ల భుజం మీద నాలుగు చోట్ల సూది తిప్పాను. గొట్టంలో మందు ఒకరికే సరిపోతుంది. చివరి బొట్టు దాకా అద్దాను.

పక్కింటి ఎల్లక్క తన కొడుకును చంకనేసుకుని వచ్చింది. వాడికీ ఆరు నెలలే. పాపయ్య అని పేరు పెట్టుకుంది.

“మా పోరనికి గూడ వెయ్యి యాకన్న.”

“ఒక్కటే తెచ్చిన అక్కా. అయిపోయింది.”

“గట్లనా? మల్లొచ్చినప్పుడు తీస్కరా,” అంది. మందు తేవడమంటే అంగడి నుంచి బెల్లం తేవడమనుకుంది పాపం.

ఎనిమిదో రోజు నీలి భుజం మీద టీకా ఎక్కింది. మందు చావలేదు. నేను పిల్లను ఎత్తుకుని వాకిట్లో గంతులేశాను. పన్నెండో రోజు ఎల్లక్క గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ తరువాత తొమ్మిది రోజులకు పాపయ్య పోయాడు. మా గోడకు ఆ పక్కనే ఆమె ఏడుస్తుంటే, భూదేవి నీలిని లోపలి అర్రలోకి తీసుకుపోయి తలుపు వేసుకునేది. బతికి ఉన్న పిల్ల గొంతు వినిపించకూడదని.

నెల తిరిగేసరికి ఇంకో ఉత్తరువు పుట్టింది. కొత్తగూడ అడవిలో దళం వాళ్లు ముగ్గురు పట్టుబడ్డారట. ముగ్గురి భుజాల మీదా నాలుగేసి చుక్కలు. ఇప్పపువ్వు ఏరబోయినవాళ్లు జీడి మర్మం అడవికి చేరవేశారు. కమాండరుకు ప్రపంచం తలకిందులైంది, దాంతో ఉత్తరువును కూడా తలకిందులు చేశాడు. క్యాంపు రిజిస్టరులో పేరు లేకుండా ఎడమ భుజాన కొత్త గుర్తు ఉన్నవాళ్లు ఏ జిల్లాలో ఉన్నా దళం వాళ్లే. పట్టి తేవాలి.

ఒక పొద్దున పోలీసు అమీను, ఇద్దరు జవాన్లు, కాగితాల కట్టతో వెంకట్రాం మా ఊరికి దిగారు. ఊరంతటినీ మా వాకిట్లోకి పిలిచి భుజాలు చూశారు. సర్కారు మందు రాని ఊరు కాబట్టి కొత్త గుర్తు ఎవరికీ లేదు, ఇద్దరికి తప్ప. నా పేరు క్యాంపు రిజిస్టరులో ఉంది కాబట్టి నన్ను వదిలేశారు. రెండోది నీలి.

అమీను ఇబ్బందిగా కదిలాడు. కానీ ఉత్తరువులో వయసు మాట లేదు. వెంకట్రాం కట్ట విప్పి రాయడం మొదలుపెట్టాడు. పేరు, నీలి. వయసు, ఏడు నెలలు. వృత్తి, లేదు. దళంలో మారుపేరు, ఇంకా పెట్టలేదు. పట్టుకునేటప్పుడు ఎదురు తిరిగిందా? పిల్లను ఎత్తుకున్న అమీను తన తడిసిన చొక్కా చూసుకుని, “తిరిగింది,” అన్నాడు.

“పాలు తాగే పిల్ల సాబ్!” అంది భూదేవి.

“నువ్వు గూడ రావచ్చమ్మా. నీ మీద కేసు లేదు, నీ ఇష్టం,” అన్నాడు అమీను.

“గది నిజమైన టీకా. నేనే వేసిన,” అన్నాను.

“ఏ మందుతోని? ఈ ఏడు తాలూకాకు మందే రాలేదని వెంకట్రాం రాసిచ్చిండు. మందు లేకుంట మచ్చ వచ్చిందంటే గది జీడి మచ్చ. జీడి మచ్చంటే దళం మచ్చ,” అన్నాడు అమీను.

నాకు దారి కనిపించింది. ఒకటే దారి. వెంకట్రాంకు కూడా అప్పుడే కనిపించినట్టుంది. నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగాడు.

“వద్దు యాకయ్యా. నువ్వు క్యాంపుల మందు దొంగిలించినవంటే, నువ్వు క్యాంపుల ఉన్నట్టు కేసు కాగితాలకు ఎక్కుతది. గప్పుడు నా హాజరు పట్టీ అబద్ధమైతది. నీ నౌకరి పోతది, నా నౌకరి పోతది. పిల్లను పోనియ్యి. రెండు నెలలు కాగితాలు నడిపి నేనే తెప్పిస్త. నా మాట విను.”

అన్ని రోజులు కడుపులో దాచుకున్న కోపమంతా అప్పుడు పైకి వచ్చింది. “నన్ను పంపినవ్. పోనన్నా పంపినవ్. పంపలేదని రాసినవ్. ఇప్పుడు నా పాలపిల్లను గూడ పంపుతవా? పోయి రాసుకోపో!” అని అరిచాను.

నేను అమీను ఎదుటికి పోయి ఊరంతా వినేలా చెప్పాను. “క్యాంపుకు ఎనిమిది గొట్టాలచ్చినయి. ఏడు గొట్టాలు ఏడుగురికి వేసిన, ఏడూ ఎక్కినయి. ఎనిమిదోది నా పేరు మీద వచ్చింది. నేను వేసుకోలె. దొంగతనంగ తెచ్చి నా బిడ్డకు వేసిన. నా భుజం మీదిది జీడి మచ్చ, బిడ్డది సర్కారు మచ్చ. నేను దొంగను. రాసుకోండ్రి, సంతకం పెడత.”

ఏడుగురి మాట అబద్ధం. కానీ అది చెప్పకపోతే మోతీబాయి లారీ ఎక్కుతుంది.

అమీను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. జనగామ హాజరు పట్టీ, క్యాంపు రిజిస్టరు, రెండూ అబద్ధం కాకుండా చూడాలి కదా. చివరికి నా మీద రెండు నేరాలు రాశాడు. ఒకటి, సర్కారు మందు దొంగిలించడం. రెండు, క్యాంపు డ్యూటీలో ఉండాల్సిన ముప్పై ఆరు రోజులూ అనుమతి లేకుండా జనగామ ఆఫీసులో హాజరు కావడం. వెంకట్రాం ఊపిరి పీల్చుకున్నాడు. నీలి పేరు కొట్టేశారు. నేను రెండింటికీ సంతకం పెట్టాను. నౌకరి పోయింది, ఆరు నెలల జైలు పడుతుందన్నారు. నీలిని ఒకసారి ఎత్తుకుని భూదేవికి ఇచ్చాను. నా గుండె తేలికైంది.

నన్ను నడిపించుకుపోతుంటే జనం పక్కకు జరిగారు. ఎల్లక్క మాత్రం జరగలేదు. ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఎనిమిదుండెనా యాకన్న?”

“ఉండె అక్కా.”

“ఒక్కటే తెచ్చిన అంటివి.”

ఆ క్షణం దాకా, నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. కుండలో ఎనిమిది గొట్టాలూ పట్టేవి. రెండు పగిలితే సంజాయిషీ. ఆ సంజాయిషీకి భయపడి ఏడు గొట్టాల మందు ఇసుకలో పోసి, గాజు కడిగి ఎండబెట్టి వచ్చాను.

“మిగిలిన ఏడు గూడ వేసినవన్నవ్ కద. ఎవ్వలకు?” అని అడిగింది.

పక్కనే అమీను నిలబడి ఉన్నాడు.

“క్యాంపుల ఉన్నోళ్లకక్కా.”

ఎల్లక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మంచిగున్నరా వాళ్లు?”

“మంచిగున్నరక్కా.”

“పోనీ తియ్యి. ఎవ్వల పిల్లలైతేంది, ఏడుగురు బతికిన్రు,” అని ఆమె నాకు దారి ఇచ్చింది.